ఆర్కిడ్ కణజాలాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాచి, మళ్లీ మొక్కగా పెంచడం: మొదటి నుంచి చివరి దాకా

ఆర్కిడ్ టిష్యూ కల్చర్ చేసేవాళ్లని ఒక భయం ఎప్పుడూ వెంటాడుతుంది. ఏళ్ల తరబడి ఫ్లాస్కుల్లో కాపాడుకుంటూ వచ్చిన రకం, వేసవిలో గది ఏసీ నాలుగు రోజులు ఆగిపోతేనో, ఒక్క సబ్‌కల్చర్‌లో బూజు పడితేనో మొత్తం పోతుంది. పోకపోయినా టెన్షన్ తప్పదు. ఆరేడు వారాలకోసారి కోసి కొత్త మీడియంలోకి మార్చుకుంటూ పోతే, కొన్నేళ్లకి చేతిలో ఉన్నది మొదట పెట్టిన మొక్కేనా అనే అనుమానం మొదలవుతుంది. కోతకోతకీ జన్యు మార్పులు చేరే అవకాశం ఉంది కాబట్టి ఆ అనుమానం ఉత్తది కాదు.

కణజాలాన్ని మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవ నైట్రోజన్‌లో పెడితే ఈ రెండు బాధలూ తప్పుతాయి. ఆ చలిలో జీవక్రియ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. కణం విభజన చెందదు, ముసలిదీ కాదు. అయితే ఈ పనిలో గెలుపోటములు తేలేది నైట్రోజన్‌లో కాదు. అందులోకి దించేముందు గంటలోనూ, బయటికి తీశాక నెలలోనూ తేలతాయి. నైట్రోజన్ అన్ని ముక్కల్నీ ఒకేలా చూస్తుంది, తేడా అంతా మన తయారీలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలోనూ గడ్డకట్టించడం గురించి తక్కువ, దాని ముందూ వెనకా గురించి ఎక్కువ ఉంటుంది.

శత్రువు చలి కాదు, మంచు

ఏ ఆకునైనా మామూలు ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి తీయండి. కరిగాక నల్లబడి, మెత్తబడి, నీరు కారుతుంది. కణాల్లోని నీరు స్ఫటికాలుగా మారి పొరల్ని చీల్చేయడం వల్లే అలా అవుతుంది. కాబట్టి మన పని నీటిని స్ఫటికం కానివ్వకుండా చల్లబరచడం. అందుకు రెండు పనులు కలిపి చేస్తాం. కణంలోని నీటిని వీలైనంత బయటికి లాగుతాం. మిగిలినదాన్ని చిక్కటి ద్రావణంతో నింపి, అతివేగంగా చల్లబరుస్తాం. అప్పుడు ఆ ద్రవం స్ఫటికం కట్టకుండా గాజులా గట్టిపడుతుంది. ఈ స్థితినే విట్రిఫికేషన్ అంటారు.

మైనస్ 80 ఫ్రీజర్ ఉంది కదా, అది చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. మనం కణాల్లో నింపబోయే చిక్కటి రక్షక ద్రావణం పేరు పీవీఎస్2. అది గాజుగా మారేది సుమారు మైనస్ 115 డిగ్రీల దగ్గర. అంతకంటే పైన అది ఇంకా కదిలే ద్రవమే కాబట్టి, నెలల తరబడి ఉంచితే నెమ్మదిగా మంచు కడుతుంది.

ఏ భాగాన్ని దాచాలి?

ఈ నిర్ణయం ముందే తీసుకోవాలి, ఎందుకంటే పద్ధతి మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

అడవి జాతిని, దాని జన్యు వైవిధ్యంతో సహా కాపాడాలంటే విత్తనాలే మేలు. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల పోషక నిల్వ దాదాపు ఉండదు. ఒక్క కాయలో వేల నుంచి లక్షల విత్తనాలు ఉంటాయి. గట్టిగా పండిన కాయ పగిలేముందు తీసి, సిలికా జెల్ మీదగానీ, 15 శాతం సాపేక్ష తేమ, 15 డిగ్రీలు ఉన్న గదిలోగానీ ఆరబెడితే, చాలా జాతుల విత్తనాలు ఏ రసాయనమూ లేకుండానే నేరుగా ద్రవ నైట్రోజన్‌లోకి వెళ్లి క్షేమంగా తిరిగొస్తాయి. ఇంత సులువైన దారి ఉండగా కొందరు వాటికీ పీవీఎస్2 పట్టించి కష్టపడతారు, అది అనవసరం. పచ్చికాయలోని విత్తనాల సంగతి వేరు. వాటిలో తేమ ఎక్కువ కాబట్టి రసాయన రక్షణ కావాల్సిందే.

హైబ్రిడ్‌నో, ప్రత్యేకంగా ఎంపిక చేసిన ఒక మొక్కనో ఉన్నదున్నట్టు దాచాలంటే విత్తనాలు పనికిరావు. ప్రతి విత్తనం వేరే జన్యు కలయిక. అప్పుడు పీఎల్‌బీలు, అంటే ప్రోటోకార్మ్‌ని (ఆర్కిడ్ విత్తనం మొలకెత్తినప్పుడు మొదట కట్టే బుడిపెని) పోలిన గుండ్రటి పచ్చటి బుడిపెలు కావాలి. లేదా చిగురు కొనలు. 1960లో జార్జ్ మొరెల్ సింబిడియం చిగురు కొనల్ని కల్చర్ చేసి వైరస్ లేని మొక్కల్ని తీసినప్పటి నుంచి ఆర్కిడ్ క్లోనింగ్‌కి పీఎల్‌బీయే ఆధారం. ఈ మార్గదర్శిలో ప్రధానంగా వాటి గురించే చెబుతాను.

ఒక హెచ్చరిక. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం సైటిస్ కింద ఉంది. అడవి నుంచి తెచ్చినవైనా, దేశం దాటించేవైనా అనుమతి కాగితాలు ముందే చూసుకోండి.

ముందు జాగ్రత్త, తర్వాతే నైట్రోజన్

ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. మూసిన గదిలో అది ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. రంగు, వాసన ఉండవు కాబట్టి ఊపిరాడట్లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. గాలి ఆడే గదిలోనే పనిచేయండి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మోగే అలారం పెట్టుకోండి, ఒంటరిగా చేయకండి. ముఖానికి షీల్డు, వదులుగా ఉండే క్రయో గ్లవ్స్, ముందుకి మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. గ్లవ్స్ వదులుగా ఎందుకంటే, లోపల నైట్రోజన్ చిందితే వెంటనే లాగేయాలి.

పీవీఎస్2లో కలిపే ద్రావకం డీఎంఎస్ఓ చర్మంలోకి తేలిగ్గా ఇంకుతుంది, తనతో పాటు చర్మం మీదున్న వేరే రసాయనాల్నీ లోపలికి తీసుకెళ్తుంది. దాన్ని తాకేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

ద్రావణాలు

ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) పోషక మీడియం లేదా మీ ఆర్కిడ్‌కి అలవాటైన మీడియం ద్రవ రూపంలో, 5.8 పీహెచ్ దగ్గర ఉంచుకోండి. అందులో ఈ మూడూ తయారు చేయాలి. లెక్క అంతా 100 మిల్లీలీటర్లకి.

లోడింగ్ ద్రావణం: గ్లిసరాల్ 18.4 గ్రాములు, సుక్రోజ్ 13.7 గ్రాములు. అంటే 2 మోలార్ గ్లిసరాల్, 0.4 మోలార్ సుక్రోజ్.

పీవీఎస్2: గ్లిసరాల్ 30 గ్రాములు, ఇథిలిన్ గ్లైకాల్ 15 గ్రాములు, డీఎంఎస్ఓ 15 గ్రాములు, సుక్రోజ్ 13.7 గ్రాములు. ఈ నాలుగే దాదాపు 60 మిల్లీలీటర్ల చోటు తింటాయి. అందుకని సుమారు 30 మిల్లీలీటర్ల మీడియంలో సుక్రోజ్‌ని ముందు కరిగించి, మిగతావి ఒక్కోటీ కలిపి, చివర్లో 100 చేయండి. మీడియం లవణాల మోతాదు 100కి సరిపడా ఉండాలి, స్టాక్ ద్రావణాల నుంచి పోస్తే సులువు. 1990లో అకిరా సకాయ్ బృందం నారింజ కణాల మీద వాడి చూపిన సూత్రం ఇదే. ముప్పై ఏళ్లు దాటినా ఎక్కువమంది దీంతోనే మొదలుపెడతారు.

అన్‌లోడింగ్ ద్రావణం (చివర్లో పీవీఎస్2ని కడిగేయడానికి): సుక్రోజ్ 41.1 గ్రాములు, అంటే 1.2 మోలార్.

పీవీఎస్2ని ఆటోక్లేవ్ చేయకండి. 0.22 మైక్రాన్ వడపోత గుండా పంపండి, కానీ డీఎంఎస్ఓని తట్టుకునే పొర ఉన్న ఫిల్టర్ ఎంచుకోండి. అది జిగటగా ఉండి చాలా నెమ్మదిగా దిగుతుంది, విసుగు పడకూడదు.

ఒకటో అడుగు: సరైన పీఎల్‌బీలు

సబ్‌కల్చర్ చేసి నాలుగు నుంచి ఆరు వారాలైన, చురుగ్గా విభజన చెందుతున్న, గట్టిగా ఉన్న బుడిపెల్ని తీసుకోండి. సైజు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. పెద్దవాటిలో మధ్యలోకి ద్రావణం ఇంకేలోపు అంచులు విషపూరితమవుతాయి, కాబట్టి వాటిని కోసి చిన్నవి చేయండి. గాజులా పారదర్శకంగా, నీరు పట్టి ఉబ్బినవి ఎంత అందంగా కనిపించినా పక్కన పెట్టేయండి. వాటిలో నీరు తప్ప మరేం లేదు.

కోశాక ఒకట్రెండు రోజులు మామూలు మీడియం మీద విశ్రాంతి ఇవ్వండి. కోత గాయం మానకుండా ముందుకు తోస్తే చచ్చేవి ఎక్కువ.

రెండో అడుగు: ముందు అలవాటు

0.3 మోలార్ సుక్రోజ్ ఉన్న మీడియంలో, అంటే లీటరుకి సుమారు 103 గ్రాములు, ఒకటి నుంచి మూడు రోజులు పెంచండి. ఈ దశలో కణాలు చక్కెరని లోపల పోగేసుకుంటాయి, నీటిని కొంచెం వదులుతాయి, కరువుకి సిద్ధమయ్యే మొక్కలాగా రక్షక ప్రొటీన్లు తయారు చేసుకుంటాయి. కొన్ని జాతులకి ఇది చాలదు. అప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ కలిపి చూస్తారు.

ఈ అడుగుని తొందరలో దాటేసేవాళ్లే ఎక్కువ. అసలు ఫలితం మెరుగుపడేది ఇక్కడే.

మూడో అడుగు: లోడింగ్, ఆ తర్వాత పీవీఎస్2

పీఎల్‌బీలని లోడింగ్ ద్రావణంలో 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి. ఇది మెట్టులాంటిది. నేరుగా పీవీఎస్2లోకి వేస్తే ద్రవాభిసరణ దెబ్బకి కణపొర చితికిపోతుంది.

తర్వాత లోడింగ్ ద్రావణం తీసేసి, ఐస్ మీద చల్లబరచిన పీవీఎస్2 పోయండి. ముక్కలు పైకి తేలితే నెమ్మదిగా కదిపి మునిగేలా చూడండి. ఐదు నిమిషాలకోసారి ద్రావణాన్ని కొత్తదానితో మారిస్తే మంచిది, ఎందుకంటే ముక్కల నుంచి వచ్చిన నీరు దాన్ని పలచన చేస్తుంది.

ఎన్ని నిమిషాలు? దీనికి అందరికీ వర్తించే సమాధానం లేదు. తక్కువైతే కణంలో నీరు మిగిలి మంచు కడుతుంది. ఎక్కువైతే డీఎంఎస్ఓ, ఇథిలిన్ గ్లైకాల్ విషమే చంపుతుంది. మీ జాతికి ఈ రెండింటి మధ్య కిటికీ ఎక్కడుందో మీరే వెతకాలి. సున్నా డిగ్రీల దగ్గర 15, 30, 45, 60, 90 నిమిషాల గుంపులు చేసి పోల్చండి. గది ఉష్ణోగ్రత దగ్గర కిటికీ చాలా ఇరుకు, ఐదు నిమిషాల తేడాకే ఫలితం తారుమారవుతుంది. అందుకే ఐస్ వాడమంటున్నాను. చేయి వణికినా, ఫోర్సెప్స్ జారినా తట్టుకునే వెసులుబాటు దొరుకుతుంది.

నాలుగో అడుగు: రేకు మీద చుక్క

క్రయోవయల్‌లో (గడ్డకట్టే చలిని తట్టుకునే చిన్న ప్లాస్టిక్ సీసాలో) ఒక మిల్లీలీటరు పీవీఎస్2తో పాటు ముక్కల్ని వేసి ముంచడం పాత పద్ధతి. పని చేస్తుంది గానీ, ప్లాస్టిక్ గోడా, అంత ద్రావణమూ అడ్డు పడి చల్లబడటం నెమ్మదిస్తుంది. నాకు నచ్చింది చుక్క పద్ధతి.

స్టెరిలైజ్ చేసిన అల్యూమినియం రేకుని 5 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల పొడవు ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో రేకు మీద 4 లేక 5 మైక్రోలీటర్ల పీవీఎస్2 చుక్కలు నాలుగైదు వేసి, ఒక్కో చుక్కలో ఒక్కో పీఎల్‌బీని పెట్టండి. పెట్టుకున్న సమయం పూర్తవగానే రేకుని ద్రవ నైట్రోజన్‌లో గబుక్కున ముంచండి. బుడగలు ఆగాక, అదే నైట్రోజన్ కింద ముంచి ఉంచిన క్రయోవయల్‌లోకి రేకుని జార్చండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వయల్‌లో ద్రవ నైట్రోజన్ చిక్కుకుని, మూత బిగించి, తర్వాత గది వేడికి తెస్తే అది పేలుతుంది. మూతకి ముందే వేడి సూదితో చిన్న రంధ్రం చేసుకోండి. నిల్వ కూడా ద్రవంలో కాకుండా, దాని పైన ఆవిరిలో ఉంచితే ఈ బెడద తగ్గుతుంది. ఆవిరి ఉష్ణోగ్రత మైనస్ 150 కంటే కిందనే ఉండేలా చూసుకుంటే చాలు.

ఇంకో దారి: ఆల్జినేట్ పూసలు

డీఎంఎస్ఓని తట్టుకోలేని జాతులకి, లేదా రసాయనాలకి దూరంగా ఉండాలనుకునేవాళ్లకి ఇది. పీఎల్‌బీలని 2 నుంచి 3 శాతం సోడియం ఆల్జినేట్‌లో కలిపి, 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలు చుక్కలుగా వదిలితే అరగంటలో మెత్తటి పూసలవుతాయి. ఆల్జినేట్‌ని కాల్షియం లేని మీడియంలోనే కలపాలి, లేకపోతే గిన్నెలోనే గడ్డకడుతుంది. పూసల్ని 0.75 మోలార్ సుక్రోజ్ ద్రవంలో ఒకటి రెండు రోజులుంచి, సిలికా జెల్ మీదగానీ లామినార్ ఫ్లో (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల) గాలికిగానీ తేమ 20 శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టి, నేరుగా వయల్‌లో వేసి ముంచేయడమే. తేమని అంచనా వేయకండి, కొన్ని పూసల్ని తూచి, ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి మళ్లీ తూచి లెక్క కట్టండి.

ఐదో అడుగు: రాసిపెట్టుకోవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మొదట్లో నేను మామూలు మార్కర్‌తో వయళ్ల మీద రాశాను. మూడు నెలలకి తీసి చూస్తే, మంచు తుడిచిన చేతికి రాతలు కూడా అంటుకొచ్చేశాయి. పదకొండు వయళ్లు ఎవరివో తెలియకుండా మిగిలాయి. క్రయో లేబుల్ వాడండి, వయల్ మీద, పెట్టె మీద, పుస్తకంలో మూడు చోట్లా రాయండి. జాతి, క్లోన్ సంఖ్య, తేదీ, పీవీఎస్2 నిమిషాలు, ఎన్ని ముక్కలు, తీశాక వాడాల్సిన మీడియం అన్నీ ఉండాలి. తీసేది మీరు కాకపోవచ్చు.

ఎన్ని వయళ్లు పెట్టాలి? వయల్‌లో పది ముక్కలు, ముక్కలు తిరిగి పెరిగే శాతం 20 అనుకుందాం. ఒక్క వయల్ తీస్తే ఒక్కటి కూడా పెరగకపోయే అవకాశం దాదాపు 11 శాతం. రెండు వయళ్లు కలిపి తీస్తే అది దాదాపు 1 శాతానికి పడిపోతుంది. ఆ శాతం 40 ఉన్న జాతికి ఒక్క వయల్‌తోనే 1 శాతం లోపు. కాబట్టి శాతం తక్కువైనా కంగారు పడక్కర్లేదు, వయళ్లు ఎక్కువ పెట్టుకోవాలి. సగం వయళ్లు వేరే భవనంలోని ట్యాంకులో ఉంటే ఇంకా నిశ్చింత.

ట్యాంకులో నైట్రోజన్ మట్టాన్ని వారానికోసారి గట్టి కర్రతో కొలవండి. కర్ర తీసి గాలిలో ఊపితే మంచు పట్టిన మేర మట్టం తెలుస్తుంది. బోలు గొట్టం మాత్రం ముంచకండి, దాని పైకొస నుంచి నైట్రోజన్ చిమ్ముతుంది.

ఆరో అడుగు: వేడి చేయడం

చల్లబరచడం ఎంత వేగంగా జరిగిందో, వేడి చేయడమూ అంతే వేగంగా జరగాలి. నెమ్మదిగా వేడెక్కితే గాజు మెత్తబడే దారిలో స్ఫటికాలు పుట్టుకొస్తాయి, అన్ని రోజుల కష్టమూ అక్కడే పోతుంది. రేకు అయితే నైట్రోజన్ నుంచి తీసిన క్షణమే గది వేడిలో ఉన్న అన్‌లోడింగ్ ద్రావణంలోకి ముంచండి. వయల్ పద్ధతి అయితే, లోపల ద్రవ నైట్రోజన్ లేదని చూసుకుని, 40 డిగ్రీల నీటిలో నిమిషం, నిమిషంన్నర వేగంగా తిప్పి, వెంటనే పీవీఎస్2 తీసేసి అన్‌లోడింగ్ ద్రావణం పోయండి. అందులో 20 నిమిషాలు. మధ్యలో ఒకసారి ద్రావణం మార్చండి.

ఏడో అడుగు: కోలుకోవడం

ఈ దశలో ఓపిక నశించి, బతికున్న కణజాలాన్ని చెత్తబుట్టలో పడేసినవాళ్లు ఉన్నారు. నేనూ పడేశాను.

మొదటి రోజు 0.3 మోలార్ సుక్రోజ్ మీడియం మీద, స్టెరైల్ ఫిల్టర్ పేపర్ పరిచి, దానిపై ముక్కలు పెట్టండి. మర్నాడు మామూలు సుక్రోజ్ ఉన్న మీడియంలోకి మార్చండి. మొదటి రెండు వారాలకి అమ్మోనియం నైట్రేట్ లేని మీడియం మంచిది, దెబ్బతిన్న కణాలకి అమ్మోనియం భారమవుతుంది. వారం నుంచి రెండు వారాలు పూర్తి చీకట్లో ఉంచండి, తర్వాత మసక వెలుతురు, ఆ తర్వాతే మామూలు వెలుతురు. నేరుగా లైట్ల కింద పెడితే ఆక్సీకరణ ఒత్తిడి మిగిలిన కణాల్నీ ముగిస్తుంది. ముక్కలు గోధుమరంగు రసం వదులుతుంటే చోటు మార్చండి, యాక్టివేటెడ్ చార్‌కోల్ కొంచెం కలిపినా ఉపయోగమే.

మొదటి పది రోజుల్లో దాదాపు అన్ని ముక్కలూ తెల్లబారతాయి. కంగారు వద్దు. గోధుమరంగులో మెత్తగా చితికినవి పోయినట్టే. తెల్లగా, గట్టిగా ఉన్నవాటి మీద మూడు నాలుగు వారాల తర్వాత ఆవగింజ కంటే చిన్న పచ్చ చుక్కలు పుట్టొచ్చు. పాత పీఎల్‌బీ మొత్తం బతకనక్కర్లేదు, ఏదో ఒక మూల బతికిన కణాల నుంచి కొత్తవి పుడతాయి. రెండు, మూడు నెలల దాకా ఏ తెల్ల ముక్కనీ పారేయకండి.

లెక్క తప్పకుండా చూసుకోవడం

బతకడం వేరు, పెరగడం వేరు. బతికున్న కణాల్ని ఎర్రగా మార్చే టీటీసీ రంగు పరీక్షలో ఎర్రబడిన ముక్కలన్నీ మొక్కలు కావు. ఆ పరీక్ష ఆ క్షణంలో ఎంజైములు పనిచేస్తున్నాయని మాత్రమే చెబుతుంది. మీ పుస్తకంలో ప్రధాన అంకె తిరిగి పెరిగినవాటి శాతమే కావాలి.

ప్రతి ప్రయోగంలోనూ కంట్రోళ్లు పెట్టండి: ఏమీ చేయనివి, ముందు అలవాటు మాత్రమే చేసినవి, లోడింగ్ దాకా వెళ్లినవి, పీవీఎస్2 కూడా పట్టించి నైట్రోజన్‌లో ముంచనివి. మొదటి ప్రయత్నంలో నేను ముంచినవాటిని మాత్రమే చూసి, అన్నీ చచ్చాయని రెండు నెలలు నైట్రోజన్ మీద నింద వేశాను. కంట్రోళ్లు పెట్టాక తెలిసింది, ముంచకముందే పీవీఎస్2 చంపేసిందని. ముంచనివి బతికి ముంచినవి చస్తే తక్కువ నీరు తీశారని, లేదా వేడి చేయడం నెమ్మదైందని. లోడింగ్ దగ్గరే చస్తే ముందు అలవాటు సరిపోలేదని. ఏమీ చేయనివే పెరగకపోతే తప్పు మీ పీఎల్‌బీలదో, మీడియందో.

తిరిగొచ్చిన మొక్కల్ని మూల మొక్కతో పోల్చడానికి ఫ్లో సైటోమెట్రీతో క్రోమోజోమ్ స్థాయిని, ఐఎస్ఎస్ఆర్ లాంటి డీఎన్ఏ మార్కర్లతో జన్యు సామ్యాన్ని చూడొచ్చు. వీలైతే కొన్నిటిని పూత దాకా పెంచండి. ఆకుల్లో కనిపించని తేడా పువ్వులో బయటపడుతుంది.

నేల ఆర్కిడ్ల విత్తనాలు దాచేవాళ్లకి ఒక మాట. సహజంగా అవి మొలకెత్తేది వేర్లలో ఉండే టులాస్నెల్లా, సెరటోబేసిడియం లాంటి శిలీంధ్రాల సాయంతోనే. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర మీడియంతో శిలీంధ్రం లేకుండానే మొలిపించి చూపించాడు నిజమే గానీ, మొలకని తిరిగి అడవిలో నాటాలంటే ఆ తోడు కావాలి. కాబట్టి విత్తనం సేకరించిన చోటే వేరు ముక్క నుంచి శిలీంధ్రాన్ని వేరు చేసి, దాన్నీ విత్తనాల వయళ్ల పక్కనే నైట్రోజన్‌లో పెట్టండి.